మాటలు పోయిన సినిమాకి సౌండ్ బహుమతి

పోయిన ఆదివారం చిత్తూరులో ఒక చిన్న షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో నా సినిమా వేశారు. బహుమతి కూడా వచ్చింది. మా అమ్మ దాన్ని టీవీ పక్కన పెట్టి, పాలు పోయడానికి వచ్చినాయనతో సహా ఇంటికొచ్చిన అందరికీ చూపిస్తోంది. నాకు మాత్రం దాని వైపు చూడాలంటే సిగ్గుగా ఉంది. ఎందుకో చెప్పాలంటే కథ మొత్తం చెప్పాలి.

నేను తిరుపతిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. అన్నం పెట్టేది అదే. ముహూర్తాలు లేని నెలల్లో అదే కెమెరా, అదే కంప్యూటర్‌తో నా సొంత పైత్యం. ఇప్పటికి మూడు తీశాను. మొదటి రెండూ యూట్యూబ్‌లో ఉన్నాయి, వాటి సంగతి మాట్లాడుకోవద్దు.

మూడోది ఐరాల వైపు ఒక పల్లెలో మహాభారతం పెట్టినప్పుడు తీసింది. మా వైపు వాళ్ళకి ఈ ముక్క చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నా. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ధర్మరాజుల గుడి ఉన్నచోట ఎండాకాలంలో మహాభారతం పెడతారు. చాలా ఊళ్ళలో 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లారేదాకా వీధినాటకం. బకాసుర వధ నాడు భీముడు బండి నిండా తిండి పెట్టుకుని ఊరంతా తిరుగుతాడు. అర్జున తపస్సు నాడు వేషగాడు పాటలు పాడుకుంటూ ఎత్తైన మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు, పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. బంకమట్టితో ఇల్లంత దుర్యోధనుణ్ణి నేల మీద పడుకోబెట్టినట్టు చేసి, రంగులేసి పెడతారు. భీముడు, దుర్యోధనుడు వేషాలవాళ్ళు దాని మీదా చుట్టూ పరుగెత్తి కొట్టుకుంటారు, చివరికి గద తొడ మీద పడుతుంది, ద్రౌపదమ్మ జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రం నిప్పులగుండం.

నా సినిమా ఆ ఒక్క పొద్దున గురించే. 14 నిమిషాలు. ఆ ఊళ్ళో 40 ఏళ్ళకు పైగా భీముడి వేషం కడుతున్న తాత ఉన్నాడు, ఆయన చుట్టూ తిరుగుతుంది. ఊరంతా ఆయన్ని భీముడు అనే పిలుస్తారు. రేషన్ షాపులో అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయన పలకడు, పక్కనోళ్ళు మోచేత్తో పొడవాలి. వయసు 71. భుజకీర్తులు, కిరీటం కట్టుకుంటే ఇప్పటికీ చూడ్డానికి భయమేస్తుంది, విప్పితే ఎండిపోయిన తాటిమట్టలా ఉంటాడు.

షూటింగ్ రోజు గాలికి, జనం కేకలకి ఆయన గొంతు సరిగా రికార్డు కాలేదు. తప్పు నాదే, ఉన్న ఒక్క మైకునీ కెమెరా మీదే పెట్టుకున్నా. అందుకని తర్వాత ఆయన్ని తిరుపతికి పిలిపించి, మా గదిలో నాలుగు గోడలకీ పరుపులు ఆనించి, ఫ్యాను ఆపేసి, మూడు రోజులు డబ్బింగ్ చెప్పించాను. దుర్యోధనుణ్ణి బయటికి రమ్మని పిలిచే పద్యం ఒకటి ఉంది, నాలుగు పాదాలూ గుక్క తిప్పుకోకుండా పాడితేనే దాని అందం. ఆయనకి మూడో పాదం దగ్గర ఊపిరి తెగింది. మళ్ళీ పాడాడు. మళ్ళీ తెగింది. మూడోరోజు సాయంత్రం కూడా "ఇంగోసారి పాడతా నాయినా" అంటే, చాల్లే తాతా, ఎల్లుండి మిక్సింగ్ ఉంది అని నేనే ఆపేశాను. ఆయనకి ఆ సంగతి నచ్చలేదు. బస్సెక్కేటప్పుడు కూడా మొహం పక్కకి పెట్టుకునే ఉన్నాడు.

మిక్సింగ్ చెన్నైలో. తిరుపతి నుంచి హైదరాబాద్ 550 కిలోమీటర్ల పైమాటే, చెన్నైకి పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు, మా వైపు వాళ్ళందరికీ సినిమా పనికి చెన్నై ఇంకా దగ్గరే. అక్కడ ఫైవ్ పాయింట్ వన్ చేయించాను, అంటే ఆరు ట్రాకుల్లో చుట్టూ వినిపించే సౌండ్. 18 వేలు. రెండు పెళ్ళిళ్ళ ఎడిటింగ్ డబ్బులు. స్టీరియో, అంటే ఎడమ, కుడి రెండే ట్రాకులు, చాలని మా ఆవిడ కాదు, ఆ సౌండ్ ఇంజనీరే చెప్పాడు. నేను వినలేదు. హరికథ వెనకనుంచి రావాలి, జనం కేకలు చుట్టూ తిరగాలి, భీముడి గొంతు తెర మధ్యలోంచి గుండె మీద కొట్టాలి అని లెక్చరిచ్చాను.

ఇక ఫెస్టివల్. ఫీజు 500. ఫారంలో ఫైలు ఎలా పంపాలో తెలుగులో, ఇంగ్లీషులో రెండు సార్లు రాశారు: ఎంపీ ఫోర్, స్టీరియో. చదివాను. చదివి కూడా నా ఫైవ్ పాయింట్ వన్ మాస్టర్‌నే పంపాను, ఆరు ట్రాకులూ విడివిడిగా ఉన్న పెద్ద ఫైలు. మంచి సరుకు పంపితే కాదంటారా అనుకున్నా. పెళ్ళివాళ్ళు పెన్‌డ్రైవ్ అడిగితే హార్డ్‌డిస్క్ ఇచ్చి గొప్పలు పోయే రకం నేను, ఇక్కడా అదే బుద్ధి.

ఆదివారం ఉదయం తిరుపతిలో బస్సెక్కితే చంద్రగిరి, పూతలపట్టు మీదుగా రెండు గంటల్లోపే చిత్తూరు. బస్సులో సగం మంది కాణిపాకం దగ్గర దిగిపోయారు. హాలంటే నాగయ్య కళాక్షేత్రం అనుకునేరు, కాదు, ఫంక్షన్లు చేసుకునే మామూలు హాలు. కానీ నాగయ్యగారి ఫోటో మాత్రం వేదిక మీద ఉంది, దండేసి. చిత్తూరులో సినిమా పేరెత్తితే ఆయన్ని తలవకుండా మైకు పట్టుకోరు. అప్పటి గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టినాయన, ఇక్కడ నాటకాలాడి, ఊరిపేరునే ఇంటిపేరుగా సినిమాల్లోకి పట్టుకెళ్ళాడు, 1965లో పద్మశ్రీ తెచ్చుకున్నాడు. మాట్లాడిన ప్రతి ఒక్కరూ ఆయన చిత్తూరులోనే పుట్టినట్టు మాట్లాడారు. ఎవరూ సరిదిద్దలేదు, నేనూ సరిదిద్దలేదు, నాకూ అట్లాగే బాగుంది.

మొత్తం 32 సినిమాలు ఒకే రోజు. ఎక్కడైనా ఇదే తంతు అనుకుంటా: ప్రతి సినిమాకీ హీరో తాలూకు ఇరవై మంది వస్తారు, ఈలలేస్తారు, వాళ్ళది అయిపోగానే ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. హాలు ఊపిరి పీల్చి వదిలినట్టు నిండుతుంది, ఖాళీ అవుతుంది. తలుపు తెరిచినప్పుడల్లా బయటి ఎండ తెర మీద పడి రాత్రి సీన్లన్నీ పగలైపోతున్నాయి. ప్రొజెక్టర్ క్లాసురూముల్లో వాడే రకం. ముఖ్య అతిథి వచ్చినప్పుడు ఆడుతున్న సినిమా ఆపి శాలువా కప్పారు, పాపం అందులో హీరోయిన్ సరిగ్గా ఉత్తరం విప్పబోతోంది, శాలువా అయ్యేదాకా ఆ పిల్ల కవరు పట్టుకుని తెర మీద అట్లాగే నిలబడింది.

సినిమాల్లో సగం లవ్ ఫెయిల్యూర్లు. మిగతా సగంలో సగం సెల్‌ఫోన్ వల్ల చెడిపోయిన యువత గురించి, సెల్‌ఫోన్‌తో తీసినవి. డ్రోన్ షాట్ లేని సినిమా నాదీ ఇంకొకటీ అంతే. ఒక సినిమా సగం తెలుగు సగం అరవం, కింద అక్షరాలు లేవు, హాల్లో ఒక్కరు కూడా అర్థం కాలేదనలేదు. చిత్తూరు కదా.

ఇక ఆ డ్రోన్ లేని ఇంకో సినిమా. అది నన్ను కూర్చోబెట్టేసింది. డిగ్రీ చదివే అమ్మాయి తీసింది, ఆరు నిమిషాలు, ఫోన్‌తోనే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల లోడుతో ట్రాక్టర్ లైన్లో నిలబడి ఉంటుంది. అంతే కథ. 2025 సీజన్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది, కాయ విపరీతంగా కాసి కొనే దిక్కులేక, ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకి 12 ఇవ్వాలని లెక్క కట్టారు. ఆ అమ్మాయి ఆ లెక్కలేవీ చెప్పలేదు. ట్రాక్టర్ మీద ఒక రైతు, ఆయన పక్కన మనవడు. రాత్రి. ఎండ. మళ్ళీ రాత్రి. కాయల కిందనుంచి రసం కారి రోడ్డు మీద ఒక గీతలా సాగుతుంది, సినిమా నడిచేకొద్దీ ఆ గీత పొడుగవుతుంది. మనవడు దాన్ని చెప్పు కాలితో చెరిపేస్తుంటాడు. నా వెనక వరసలో ఒకాయన "మాది మూడు దినాలు నిలబడింది" అన్నాడు పక్కాయనతో. ఈల లేదు, చప్పట్లు కూడా ఒక క్షణం ఆలస్యంగా వచ్చాయి. జడ్జీల్లో ఒకరు ఆ అమ్మాయితో కంటిన్యుటీ చూసుకోవాలమ్మా, మొదటి రాత్రికీ రెండో రాత్రికీ చొక్కా మారలేదు అన్నారు. మూడు రోజులు లైన్లో ఉన్నవాడు చొక్కా ఎక్కడ మారుస్తాడు సార్ అని నాకు నోటిదాకా వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం సరే సార్ అంది.

మధ్యాహ్నం చిత్రాన్నం, పెరుగన్నం ప్యాకెట్లు. బాగున్నాయి.

తాత రెండున్నరకి వచ్చాడు. ఐరాల నుంచి బస్సులో, అవ్వని తీసుకుని, తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, మెడలో ఎప్పుడో ఏదో సభలో ఇచ్చిన మెడల్ వేసుకుని. ముందు వరసలో కూర్చోబెట్టాను. నాది 19వ సినిమా.

మొదటి రెండు నిమిషాల్లో ఎట్లాగూ మాటలు లేవు. తెల్లవారుజాము, బిందెలతో నీళ్ళు పోయడం, మట్టి తొక్కడం, దుర్యోధనుడి మొహానికి మీసం దిద్దడం. హార్మోనియం వినిపిస్తోంది, కాకులు వినిపిస్తున్నాయి. బాగుంది అనుకున్నా. తర్వాత సీన్లో అవ్వ తాత నడుముకి పట్టీ బిగిస్తూ ఆయన్ని తిడుతుంది, ఈ వయసులో ఈ ఆటలేందని. తెర మీద అవ్వ నోరు కదులుతోంది. మాట లేదు. తాత నోరు కదులుతోంది. మాట లేదు. హార్మోనియం మాత్రం హాయిగా మోగుతోంది.

నాకు కడుపులో చల్లటి నీళ్ళు పోసినట్టైంది. ఏం జరిగిందో ఆ క్షణమే తెలిసిపోయింది, ఎందుకంటే రోజూ ఇదే పని కదా. ఆరు ట్రాకుల్లో మొదటి రెండూ ఎడమ, కుడి. మూడోది మధ్యలోది. మాటలన్నీ, పద్యాలన్నీ ఆ మూడోదాంట్లోనే ఉంటాయి. 32 సినిమాలనీ ఒకదాని వెనక ఒకటి టైమ్‌లైన్ మీద పేర్చిన కుర్రాడు అన్నిటికీ తీసుకున్నట్టే నాదానికీ మొదటి రెండు ట్రాకులు తీసుకున్నాడు. స్టీరియో పంపమన్నాడు, పంపారనుకున్నాడు. వాడి తప్పు ఇసుమంత లేదు.

వంగి వంగి వెనక్కి పరుగెత్తాను. కుర్రాడు లాప్‌టాప్ ముందు పెరుగన్నం తింటున్నాడు. ఆపు తమ్ముడూ మాటలు రావట్లేదు అంటే, నా వైపు అయోమయంగా చూసి "మాటలున్నాయా అన్నా ఇందులో?" అన్నాడు. వాడు పేర్చేటప్పుడు మూకీ సినిమా అనుకున్నాడట. ఇప్పుడు ఆపితే మొత్తం టైమ్‌లైన్ కదిలిపోతుంది, వెనక ఇంకా 13 ఉన్నాయి, పైగా అందరూ చూస్తున్నారు కదన్నా అన్నాడు.

నిజమే, చూస్తున్నారు. నేను గోడకి ఆనుకుని నా సినిమాని మొదటిసారి మాటల్లేకుండా చూశాను. నిజం చెబుతున్నా, అవ్వ పట్టీ బిగించే సీన్ ఇలాగే బాగుంది. ఆ తిట్లు నేను రాసినవి, కొంచెం నాటకం కంపు కొడతాయని నాకు ముందునుంచీ అనుమానం. మాట తీసేస్తే ఆమె చేతులు కనిపించాయి, ముడి బిగించి, మళ్ళీ వదులు చేసి, మళ్ళీ బిగించడం. పద్నాలుగు నిమిషాల్లో ఎనిమిది నిమిషాలకి మాటలే అక్కర్లేదని గోడకి ఆనుకుని ఉండగా లెక్క తేలింది.

కానీ పద్యం దగ్గరకి వచ్చేసరికి నిలబడలేకపోయాను. మట్టి దుర్యోధనుడి గుండె మీద కాలు పెట్టి తాత గద ఎత్తి నోరు తెరుస్తాడు. మెడ నరాలు తేలతాయి. ఒక్క ముక్క లేదు. ముందు వరసలో తాత తల నాకు వెనకనుంచి కనిపిస్తోంది. ఆయన తల అటూ ఇటూ తిప్పుతున్నాడు, స్పీకర్ల వైపు, ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి.

అయిపోయాక వేదిక మీదకి పిలిచారు. చెన్నై నుంచి వచ్చిన జడ్జిగారు, చాలాకాలం సినిమాల్లో పనిచేసిన మనిషి, మైకు తీసుకుని, వీధినాటకం అంటేనే గొంతు, అలాంటిది ఈ కుర్రాడు గొంతునే తీసేశాడు, కళ నోరు మూగబోతోందని ఒక్క మాట లేకుండా చెప్పాడు అన్నారు. చప్పట్లు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పుడే సార్, అది పొరపాటు అనొచ్చు. రెండు మాటలు. థ్యాంక్యూ సార్ అన్నాను. అదీ రెండు మాటలే.

కిందికి దిగాక తాత అడిగాడు.

"ఏం నాయినా, నా గొంతు యాడ?"

చెప్పాను. ట్రాకులు, స్టీరియో అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, నేనే తప్పు ఫైలు పంపినాను తాతా అన్నాను. ఆయన కోప్పడితే బాగుండేది. "మూడు దినాలు అరిచినా గదా" అన్నాడు అంతే. అవ్వ మాత్రం ఊరుకోలేదు. "నేను తిట్టేది కూడా రాలేదే, దానికోసమే గదా మా కోడల్ని గూడా రమ్మన్నె" అంది. కోడలు రాలేదు కాబట్టి బతికిపోయాను.

నిర్వాహకుల్ని బతిమాలాను, చివర్లో పద్యం ఒక్కటైనా వేయమని. బహుమతులయ్యాక టైముంటే చూద్దాం అన్నారు. వాళ్ళూ పొద్దున ఆరింటినుంచి నిలబడి ఉన్నారు. బహుమతులయ్యేసరికి ఎనిమిదిన్నర, హాలు తొమ్మిదింటికి ఖాళీ చేయాలి, మర్నాడు ఎవరిదో రిటైర్మెంట్ ఫంక్షన్, పూలవాళ్ళు అప్పుడే నిచ్చెన తెచ్చి నాగయ్యగారి ఫోటో దించుతున్నారు.

ఇంతకీ నాకు వచ్చిన బహుమతి: ఉత్తమ సౌండ్ డిజైన్.

మామిడికాయల అమ్మాయికి ఏమీ రాలేదు. వెళ్ళి ఆ రసం గీత గురించి చెప్పాను. అది ముందు అనుకున్నది కాదట, రెండోరోజు కనిపించిందట, అప్పటినుంచి ఫోన్ కిందకి తిప్పి పట్టుకుందట. ఆ అమ్మాయి కన్ను అది, నేర్పిస్తే వచ్చేది కాదు. చెన్నై సౌండ్ ఇంజనీరుకి ఫోటో పంపితే పది నిమిషాల్లో ఫోన్ చేశాడు, సూపర్ సార్, నేను చెప్పలే, సెంటర్ ఎట్లా వినిపించింది అని అడిగాడు. బాగుంది అన్నాను. ఇది చదివితే వాడికీ తెలుస్తుంది, తెలియనీ.

తాతావాళ్ళని బస్టాండుకి తీసుకెళ్ళాను. ఆఖరి బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. టీ తాగి సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు గుర్తొచ్చింది, యూట్యూబ్ కోసమని ఇంజనీరు అప్పుడే ఒక స్టీరియో కాపీ కూడా ఇచ్చాడు, అది నా ఫోన్లోనే ఉంది. పంపమని వాళ్ళు అడిగింది అదే. రెండు తీగల ఇయర్‌ఫోన్, ఒకటి తాత చెవిలో, ఒకటి అవ్వ చెవిలో పెట్టి, పద్యం దగ్గర్నుంచి వేశాను. నాకేమీ వినపడటం లేదు, అరుపులు, తమిళనాడు బస్సు హారన్లు, పల్లీలమ్మే ఆమె. తాత మొహం చూస్తూ కూర్చున్నా. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. తొడ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. మధ్యలో ఒకచోట వేళ్ళు ఆగాయి, మొహం చిట్లించాడు, ఇయర్‌ఫోన్ పీకేశాడు.

"మూడో పాదంలో తెగింది. నేను అప్పుడే చెప్తిని, నువ్వు వింటివా?"

"వినలేదు తాతా."

"బేస్తవారం వస్తా. ఆ పరుపులు అట్నే పెట్టు, ఫ్యాను మాత్రం ఆపొద్దు."

ఫ్యాను ఆపకపోతే సౌండ్ వస్తుంది తాతా అంటే, బహుమతి ఇచ్చినారు గదా, ఏమీ వినపడకపోయినా ఇస్తారులే అని బస్సెక్కాడు.